జానెడు కుట్టు

నిన్న మధ్యాహ్నం మా కోడలు తెప్పించిన కొత్త పరుపు ఇంటికొచ్చింది. గొట్టంలా చుట్టి ప్లాస్టిక్ సంచిలో బిగించి తెచ్చారు. సంచి కోయగానే బుస్సుమంటూ పొంగి మంచమంతా పరుచుకుంది, గదంతా మందుల షాపు వాసనా కొత్త చెప్పుల వాసనా కలిసినట్టు ఏదో వాసన కమ్మేసింది. నేను అలవాటుకొద్దీ దాని అంచు వెంట చెయ్యి పోనిచ్చి తడుముతున్నాను. "ఏం వెతుకుతున్నారత్తమ్మా?" అంది కోడలు. "చెయ్యి పెట్టి చూసే చోటు" అన్నాను. ఆ పిల్లకు అర్థం కాలేదు, అర్థమయ్యేలా చెప్పే ఓపిక నాకూ లేకపోయింది. నా పాత పరుపును వరండాలో గోడకు చేరేశారు. పొద్దున మునిసిపాలిటీ బండి వస్తే ఎత్తించేస్తామన్నారు.

మేము దూదేకులవాళ్ళం. మా నాయన సైదులు నిలువెత్తు విల్లు భుజాన వేసుకుని, కొయ్య గుండు సంకన పెట్టుకుని ప్రత్తిపాడు చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగేవాడు. ఎవరింటి వసారాలోనో ఆ విల్లు వేలాడదీసి, పాత పరుపు విప్పి దూది కుప్పపోసి, తీగను గుండుతో మీటుతుంటే టంయ్ టంయ్‌మని వీధి చివరిదాకా వినపడేది. గట్టిపడిపోయి రాళ్ళలా ఉన్న ఉండలు ఆ దెబ్బలకు విచ్చుకుని, రేకులు రేకులుగా లేచి గాలిలో తిరిగి, నాయన తలమీదా మీసాలమీదా వాలేవి. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ముప్పై ఏళ్ళ మనిషి ముసలాడిలా తెల్లగా కనిపించేవాడు. మేం పిల్లలం చప్పట్లు కొట్టి నవ్వేవాళ్ళం. ఆ దూదే ఆయన ఊపిరితిత్తుల్లోకీ పోతున్నదని మాకు అప్పుడెవరు చెబుతారు?

సాగర్ కాలవ నీళ్ళు ఇంకా మా వైపు రాని రోజులు. వాన పడితే పంట, లేకపోతే లేదు. మాఘమాసంలో పత్తి బళ్ళు నల్లరేగడి బాటలమీద కిర్రు కిర్రుమంటూ వెళ్తుంటే మేం వెనకాల పరుగెత్తి, తుమ్మకొమ్మలకు చిక్కుకున్న పత్తిని గౌన్లలోకి ఏరుకునేవాళ్ళం. పత్తిగింజలతో అచ్చంగాయలాడుకునేవాళ్ళం. ఆ వెంటనే మిరపకాయలొచ్చేవి. ఊరి చుట్టూ కళ్ళాలన్నీ ఎర్రగా పరుచుకుని, గాలి ఇటు తిరిగిందంటే బళ్ళో పంతులుగారితో సహా అందరం తుమ్మేవాళ్ళం. పీర్ల పండగకు మా వీధిలో పానకం కుండలు, మలీద ముద్దలు, గుండం చుట్టూ డప్పులు. రైతుల ఇళ్ళ ఆడవాళ్ళు తడిచీరలతో బిందెలెత్తుకుని వచ్చి పీర్ల ముందు నీళ్ళు పోసి మొక్కుకునేవాళ్ళు. బెల్లం, యాలకులు, మిరియాలు కలిసిన ఆ పానకం చల్లదనం ఇప్పటికీ నా గొంతులో ఉంది. తీపి జ్ఞాపకాలంటే నాకున్నవి ఇంతే, తక్కినవి చెబుతాను.

నాకు ఏడేళ్ళప్పుడు నాయన దగ్గు మొదలై మంచం పట్టాడు. విల్లు అటకెక్కింది. మా అమ్మ మస్తానమ్మ అప్పటిదాకా పరాయి మగవాడి ముందు నోరు విప్పి ఎరగదు. అటువంటి మనిషి బస్సులు ఆగే చోట, కాఫీ హోటలు పక్కన, ఒక పంచ అద్దెకు తీసుకుని పరుపుల కొట్టు పెట్టింది. పెట్టబోయే ముందు నెల్లాళ్ళు ఇంట్లో గుంజకెదురుగా నిలబడి బేరమాడడం నేర్చుకుంది. గుంజ వెనక నేను కొనేవాడిలా గొంతు మార్చి "ఇంత ధరేంటమ్మా" అనాలి. మొదట్లో నా మాటకే ఆమెకు చెమటలు పట్టేవి. ఏడాది తిరిగేసరికి పత్తి దళారులతోనే "ఏవయ్యా, నీ పత్తిలో గింజలమ్ముతున్నావా, పత్తి అమ్ముతున్నావా?" అనగలిగింది.

చేతికింద నలుగురు ఆడవాళ్ళను పెట్టుకుంది. వాళ్ళు పొద్దున కళ్ళాల్లో మిరపకాయల తొడిమలు తీసి మండే చేతులతో వచ్చేవాళ్ళు. ఆ చేతులతో దూది ముట్టుకుంటే పడుకున్నవాడి ఒళ్ళు మండుతుందని అమ్మ గుమ్మంలో మజ్జిగ కుండ పెట్టి, ఒక్కొక్కరి చేతుల్లో తనే పోసి కడిగించేది. మధ్యాహ్నం వాళ్ళు తిన్నాకే తను తినేది. ఒకామెకు నెల తప్పితే బరువు పని తీసేసి కుట్టుపనిలో కూర్చోబెట్టింది. ఇవన్నీ నిజాలు. మా అమ్మ మంచిది కాదని నేను చెప్పబోవడం లేదు. మంచిదై ఉండి చేసింది కాబట్టే నాకు ఇంత మంట.

మా కొట్టుకు పేరు తెచ్చింది ఒకే ఒక్క అలవాటు. గలీబులో దూది కూరాక మూతి అంతా కుట్టేసి ఒక్క జానెడు మాత్రం వదిలేసేవాళ్ళం. కొనేవాడు వచ్చాక అమ్మ పరుపు ముందుకు జరిపి "చెయ్యి పెట్టి చూసుకోండి బాబుగారూ" అనేది. అతను లోపలికి చెయ్యి పోనిచ్చి దూది తీసి చూసి తలూపితే, అప్పుడు అతని కళ్ళముందే దబ్బనంతో ఆ జానెడూ కుట్టేవాళ్ళు. గుంటూరు కొట్లలో కూడా ఈ పద్ధతి లేదు. కొన్నాళ్ళకు జనం చెయ్యి పెట్టడం కూడా మానేశారు. "నువ్వు వదిలావంటే చాల్లే మస్తానమ్మా, కుట్టెయ్" అనేవాళ్ళు.

ఆ ఆలోచన అమ్మది కాదు, సైదమ్మ పిన్నిది. పిన్ని అమ్మకు సొంత చెల్లెలు, పెళ్ళయిన రెండేళ్ళకే మొగుడు పోయి మా ఇంటికొచ్చేసింది. ఆమె కుట్టు చీమలబారులా ఉండేది. నా తలకు నూనె రాసిందీ, పేలు చూసిందీ, దబ్బనం పట్టడం నేర్పిందీ పిన్నే. నా చేతులు సన్నవి కాబట్టి మూలలు కూరే పని నాకిచ్చి, "మూల బోలుగా ఉంటే పరుపు ఏడుస్తదే నాగూ, గట్టిగా కూరు" అనేది. దూది కుప్పలో దూకితే అమ్మ వీపు చిట్లగొట్టేది. పిన్ని మాత్రం అమ్మ బయటికి వెళ్ళాక "ఒక్కసారే, దూకు" అనేది.

నా పదకొండో ఏట చైత్రమాసంలో బసవయ్యగారింట పెళ్ళి కుదిరింది. ఆయన మా ఊళ్ళో పెద్ద రైతు, పీర్ల పండగకు మొదటి పానకం కుండ ఆయన ఇంటినుంచే వచ్చేది. మగపెళ్ళివారి విడిదికి పన్నెండు పరుపులు చెప్పారు. మా కొట్టుకు అంత పని ఒక్కసారిగా వచ్చింది అదే మొదలు. పని మొదలుపెట్టిన నాలుగోరోజు అకాలవర్షం కురిసి, పంచ కప్పు కారి, కొత్త దూది సగం తడిసి బూజు వాసన కొట్టింది. ఆ వానకే కళ్ళాల్లో మిరపకాయలు నల్లబడి ఊరంతా ఏడుస్తోంది, కొత్త పత్తి ఎక్కడా పుట్టడం లేదు. పెళ్ళి ఇంకో వారంలో ఉంది.

కొట్టు వెనక గదిలో, జనం ఏకించమని ఇచ్చి మళ్ళీ అడగని పాత దూది గోనెల్లో ఉండేది. అమ్మ ఆ గోనెలు బయటికి ఈడ్పించింది. మధ్యలో అది కూరి, పైపైనా జానెడు సందు దగ్గరా కొత్తది పెట్టమంది.

పిన్ని దబ్బనం కింద పెట్టేసింది. "అక్కా, చెయ్యి అందినంత మేరకే తెలుపు పెడితే, మనం ఆ జానెడు వదలడం దేనికి?"

"ఈ ఒక్కసారికేనే సైదా. మాట తప్పితే రేపట్నుంచి ఈ కొట్టుకెవడూ రాడు."

"తడిసిందని చెప్పొచ్చుగా బసవయ్యగారికి?"

"చెబితే పని గుంటూరికి పోద్ది. ఈ నలుగురి పొయ్యిలు నువ్వు వెలిగిస్తావా?"

పిన్ని మళ్ళీ దబ్బనం అందుకుని కుట్టింది. పన్నెండు పరుపుల మూలలూ నేనే కూరాను. సందు దగ్గర తెల్లటి దూది సర్దిందీ నేనే, అమ్మ చెప్పినట్టే, చెయ్యి మోచేతిదాకా పోయినా పాతది తగలకుండా. నేను ఎంత బాగా కూరానో చూసి అమ్మ నా బుగ్గ గిల్లింది. ఆ మెచ్చుకోలుకు నేను పొంగిపోయాను, అది దాచను.

పెళ్ళయిన మూడోనాడు మిట్టమధ్యాహ్నం బసవయ్యగారి బండి కొట్టు ముందాగింది. ఆయన తనే దిగి, పాలేరుతో ఒక పరుపు రోడ్డుమీద పడేయించాడు. వియ్యంకుడి అన్నగారికి వీపున ఉండలు గుచ్చుకున్నాయట, ముక్కిన వాసన కొట్టిందట, విప్పి చూశారట. విడిదింట్లో అందరిముందూ ఆయనకు తల కొట్టేసినట్టయింది. ఆయన ఆ పరుపులోకి భుజం దాకా చెయ్యి దూర్చి గుప్పెడు లాగాడు. మట్టిరంగు దూది, అందులో ఎవరివో తలవెంట్రుకలు. కాఫీ హోటల్లో గ్లాసులు పట్టుకున్నవాళ్ళంతా బయటికొచ్చి నిలబడ్డారు.

"జానెడు వదిలి చూపిస్తావే మస్తానమ్మా, ఇదేనా నువ్వు చూపించేది? ఏ చచ్చినోడి పరుపులోది ఇది?"

అమ్మ ఆయన్ని చూసింది, ఆ గుప్పెడు దూదిని చూసింది, వెనక నిలబడ్డ నలుగురు ఆడవాళ్ళనూ చూసింది. పగటిపూట కొట్టు వెనక గదిలోనే పడుకోబెట్టే నాయన దగ్గు వినపడుతోంది.

"నాకు తెలవదు బాబుగారూ. నేను గుంటూరెళ్ళిన రోజు కుట్టారు. మా చెల్లెలు చూసుకుంది."

పిన్ని చేతిలో దబ్బనంతోనే లేచి నిలబడింది. బసవయ్యగారు నమ్మలేదు. అప్పుడు అమ్మ నావైపు తిరిగింది. ఆ చూపు ఈనాటికీ నా ఒంటిమీద ఉంది.

"ఏమే నాగూ, మూలలు కూరింది నువ్వేగా. ఈ దూది ఎవరు కూరమన్నారే? చెప్పు అయ్యగారికి."

"పిన్ని" అన్నాను.

నన్నెవరూ కొట్టలేదు, బెదిరించలేదు. బుగ్గ గిల్లిన చెయ్యి మళ్ళీ గిల్లుతుందని అన్నాను. పిల్ల అబద్ధమాడదని అందరూ నమ్మారు. "ఇవాళ్టితో నా గడప తొక్కమాకు" అంది అమ్మ పిన్నితో, అందరికీ వినపడేలా. పిన్ని చేతిలో దబ్బనాన్ని కొట్టు గుంజకు గుచ్చి, నావైపు ఒక్కసారి చూసి, కట్టుబట్టలతో గుంటూరు బస్సెక్కింది. ఆ చూపులో కోపం ఉన్నా బాగుండేది. మూల బోలుగా కూరినప్పుడు చూసే చూపే అది.

ఊరు మా అమ్మను మెచ్చుకుంది. "సొంత చెల్లెలని కూడా చూడలేదు, కొట్టు నడపడమంటే అదీ" అన్నారు. బసవయ్యగారికి పన్నెండు పరుపులూ కొత్త దూదితో మళ్ళీ కుట్టిచ్చింది, ఆయనే పది ఊళ్ళలో మా పేరు చెప్పాడు. కొట్టు పెరిగింది. పంచ పోయి రేకుల షెడ్డు వచ్చింది, ఆ తరువాత దూదేకే మిషనొచ్చింది, నాయన విల్లు ఒక చలికాలం పొయ్యిలోకి పోయింది. జానెడు వదిలే అలవాటు మాత్రం అమ్మ మానలేదు. ఆ రోజు తరువాత మా కొట్టునుంచి ఒక్క పాత పోగు కూడా బయటికి పోలేదు. అమ్మ అంత నిజాయితీగా బతికింది, పిన్ని ఒళ్ళో అబద్ధం పెట్టి.

పిన్ని చీరాలలో అత్తవారి దూరపు చుట్టాల పంచన చేరి, మగ్గాలవాళ్ళ ఇళ్ళలో కండెలు చుట్టి, తీరికలో పరుపులు కుడుతోందని వినేవాళ్ళం. మా ఇంట్లో ఆమె పేరు ఎత్తేవాళ్ళు లేరు. నా పెళ్ళికి నాలుగు రోజుల ముందు చీరాలనుంచి ఒక పరుపు వచ్చింది. ఎర్రచారల గలీబు, చీమలబారు కుట్టు. మూతి దగ్గర జానెడు వదిలి, దారం ఎక్కించిన దబ్బనం గుచ్చి ఉంది. ఉత్తరం లేదు. అమ్మ దాన్ని చాలాసేపు చూసి, చెయ్యి పెట్టకుండానే ఆ జానెడూ కుట్టేసింది. కుట్టు వంకరగా వచ్చింది. అమ్మ చేతిలో వంకర కుట్టు చూడడం నాకదే మొదలు.

ఆ మరుసటేడు పిన్ని పోయింది. కబురు తెలిసేసరికి నలభయ్యోనాటి దినం కూడా అయిపోయింది. అమ్మ తరువాత కొట్టు నేను నడిపాను. మనుషుల్ని నడపడం బాగా నేర్చుకున్నావని అందరూ అన్నారు. ఏం నేర్చుకున్నానో నాకు తెలుసు. తప్పు జరిగిన ప్రతిసారీ నా వేలు ముందు నాకంటే చిన్నవాళ్ళవైపే లేచేది. మూడేళ్ళకోసారి ఇంట్లో పరుపులన్నీ విప్పి ఏకించేదాన్ని, చీరాల పరుపును మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు. రాయిలా గట్టిపడినా దానిమీదే పడుకున్నాను. లోపల పాత దూది ఉండాలని కోరుకున్నాను. ఉంటే, ఆమె మాకు తగిన బుద్ధి చెప్పిందనుకుని, చెల్లుకు చెల్లని హాయిగా పడుకునేదాన్ని.

ఇప్పుడు ప్రత్తిపాడులో మా కొట్టున్న చోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. విల్లు చప్పుడు ఎలా ఉంటుందో మా మనవళ్ళకు నోటితో చేసి చూపించాల్సి వస్తోంది. పరుపు కొనేవాడు చెయ్యి పెట్టి చూసేదీ లేదు, చూడమనేవాడూ లేడు.

ఇవాళ పొద్దున బండి రాకముందే వరండాలో కూర్చుని, బ్లేడుతో అమ్మ వేసిన వంకర కుట్టు కోశాను. చెయ్యి పెట్టాను. మణికట్టుదాకా, మోచేతిదాకా, బసవయ్యగారిలా భుజందాకా. గుప్పెడు లాగి వెలుతురులో పెట్టి చూశాను. ఏళ్ళతరబడి నలిగి పచ్చబడింది. కానీ అంతా ఒక్కటే దూది, మొదట్నుంచీ కొత్తదే. గింజ పెంకు లేదు, పాత పోగు లేదు. మూలలు కూడా తడిమాను. గట్టిగా కూరి ఉన్నాయి.

"అత్తమ్మా, బండొచ్చింది" అంది కోడలు.

"ఆగమను, ఈ జానెడు కుట్టేస్తాను" అన్నాను. దబ్బనంలో దారం ఎక్కించి, ఆ పిల్ల ఎదురుగా నిలబడి చూస్తుండగా మొదటి కుట్టు వేశాను.