తిరిగివ్వక్కర్లేని డబ్బాలు

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజున మావారు చేసిన మొదటి పని, మా ఊరి తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టడం. "కీమో అయ్యి ఇంటికొచ్చేసింది. ఇమ్యూనిటీ బాగా తక్కువగా ఉంది. దయచేసి ఎవరూ చూడ్డానికి రావద్దు. ఏమైనా ఇవ్వాలనుకుంటే గుమ్మం దగ్గర పెట్టి బెల్ కొట్టండి." నాకు చదివి వినిపించి మరీ పెట్టారు. నేనూ సరేనన్నాను. వచ్చింది రక్తంలో కాన్సర్. ఎవరి తుమ్మయినా నా ప్రాణం మీదికి తేవచ్చని డాక్టరు చెప్పి పంపింది. అదీగాక గుండుతో, ఊడిన కనుబొమలతో నలుగురి ముందూ కూర్చుని "అయ్యో పాపం" అనిపించుకునే ఓపిక నాకు లేదు. హమ్మయ్య అనుకున్నాను.

మేముండే ఈ కేంబ్రిడ్జ్‌లో మనవాళ్ళు చెప్పిన మాట వింటారు, అది ఒప్పుకోవాలి. పప్పు, చారు, బీరకాయ కూర, మెత్తగా వండిన కిచిడీ. సాయంత్రమయ్యేసరికి బెల్ మోగేది. నేను గోడ పట్టుకుని తలుపు దాకా నడిచేలోపు కారు మలుపు తిరిగిపోయేది. మంచులో బూట్ల గుర్తులు మెట్టు దాకా వచ్చి, అక్కడి నుంచే వెనక్కి వెళ్ళి ఉండేవి. మావారిది ఫ్యాక్టరీలో మధ్యాహ్నం షిఫ్టు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడే సెలవులన్నీ అయిపోయాయి. ఆయన వచ్చేసరికి నేను నిద్రలో ఉండేదాన్ని, నేను లేచేసరికి ఆయన నిద్రలో ఉండేవారు.

చలికాలం చివర్లో డాక్టరు రిపోర్టులు చూసి, "ఇక మనుషులు రావచ్చు, జలుబూ దగ్గూ లేకపోతే చాలు" అంది. మావారు ఆ సంగతీ గ్రూపులో పెట్టారు. దండాలు పెట్టే బొమ్మలు వచ్చాయి, పువ్వులు వచ్చాయి, మనుషులు మాత్రం రాలేదు. గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళడం అందరికీ అలవాటైపోయింది. పోనీ రమ్మని అడుగుదామంటే, చూడ్డానికి రండని అడుక్కునే ఖర్మ నాకేం పట్టిందని పంతం. ఆ పంతం మధ్యాహ్నం దాకా బాగానే ఉండేది. సాయంత్రం టీ పెట్టుకుని ఒక్కదాన్నే సోఫాలో కూర్చుంటే ఏడుపొచ్చేది. ఎవరైనా లోపలికొచ్చి, ఎదురుగా కూర్చుని, నా మొహం చూస్తూ మాట్లాడాలి. నాకు కావలసిందల్లా అదే.

చివరికి గిన్నెల వంక దొరికింది. మా అమ్మ ఎవరి గిన్నెనీ ఖాళీగా తిరిగిచ్చేది కాదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా వేసేది. గిన్నె కోసం వచ్చినావిడ గంటసేపు కూర్చుని ఊళ్ళో సంగతులన్నీ చెప్పి కానీ లేచేది కాదు. నేనూ ఒకావిడకి "మీ డబ్బా మా దగ్గరే ఉందండీ" అని మెసేజ్ పెట్టాను. "అయ్యో, అది పెరుగు డబ్బా ఆంటీ, పారేయండి" అని జవాబు. ఇంకొకావిడది ఐస్‌క్రీమ్ డబ్బా. ఇక్కడ అందరూ తిరిగివ్వక్కర్లేని వాటిల్లోనే పంపిస్తారు, కడిగే పని నాకు పెట్టకూడదని. ఆ మంచితనానికి నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా అన్నీ కడిగి బోర్లించాను.

ఆ వారంలోనే గుమ్మం ముందు స్టీలు క్యారేజీ కనిపించింది. రెండు గిన్నెలది, మూత మీద పేరు చెక్కించి ఉంది. పైన నిమ్మకాయ పులిహోర, కింద ముద్దపప్పు. మావారిని అడిగితే, "మన వీధి చివర కొత్తగా దిగారు, హైదరాబాద్ వాళ్ళు. ఆ అమ్మాయి వేర్‌హౌస్‌లో చేస్తుంది" అన్నారు. పేరు చెక్కించుకున్న క్యారేజీని ఎవరూ పారేయమనరు! వచ్చి తీసుకెళ్ళమని మావారి చేత కబురు పెట్టించాను. రవ్వకేసరి చేశాను. జీడిపప్పు కాస్త మాడింది. సోఫా దులిపాను, తలకు స్కార్ఫు కట్టుకున్నాను, రెండు కప్పులు తీసి పెట్టాను.

ఆ అమ్మాయి డ్యూటీకి వెళ్తూ వచ్చింది. భుజాన బ్యాగు, మెడ దాకా జిప్పు లాగిన జాకెట్టు.

"బాగున్నరా ఆంటీ? క్యారేజ్ తీస్కపోదామని వచ్చిన."

"లోపలికి రామ్మా."

"వద్దాంటీ, మీకు మంచిది కాదు. ఇట్లనే ఇచ్చెయ్యండి." అంటూనే రెండు మెట్లు కిందికి దిగింది.

ఇచ్చానంటే వెళ్ళిపోతుంది. ఏం చెయ్యాలో తోచక నోటికొచ్చింది అనేశాను. "ఎక్కడ పెట్టానో కనిపించడం లేదమ్మా. రేపు రా, వెతికి ఉంచుతాను."

"అయ్యో, దానికోసం పరేషాన్ కాకండి ఆంటీ. నా దగ్గర ఇంకోటి ఉంది. అది మీరే ఉంచుకోండి." నవ్వి, చెయ్యి ఊపి, వెనక్కి తిరిగింది.

"ఏయ్ అమ్మాయ్, ఆగు!" అని అరిచాను. అంత గొంతు నాలో మిగిలి ఉందని నాకే తెలీదు. "ఉంది. వంటింట్లోనే ఉంది. రేపు మళ్ళీ వస్తావని అబద్ధం చెప్పాను. మనుషులు రావచ్చని డాక్టరు చెప్పింది. నీకు జలుబేం లేదు కదా?"

"లేదాంటీ."

"మరైతే వచ్చి కూర్చో. మా ఇంటికి ఎవ్వరూ రావడం లేదు."

అంతే, నా పంతం గంగలో కలిసింది. ఆ అమ్మాయి ఫోన్‌లో టైము చూసుకుంది, నన్ను చూసింది. "కొంచెంసేపు కూర్చుంట" అని బూట్లు విప్పింది. జాకెట్టు విప్పకుండానే సోఫా అంచున కూర్చుని, "చెప్పండి ఆంటీ" అంది.

అన్ని నెలలుగా ఎవరికి చెప్పుకోవాలా అని దాచుకున్న మాటలు, ఒక్కటంటే ఒక్కటి నోట్లోంచి వస్తేనా! "బాగానే ఉన్నానమ్మా" అన్నాను. అని భోరున ఏడ్చేశాను.

పాపం, ఆ పిల్ల బెదిరిపోయింది. దగ్గరికి జరిగి నా చెయ్యి పట్టుకుంది. కాన్సర్ అని తెలిసిన దగ్గర్నుంచి, గ్లౌజు లేని పరాయి చెయ్యి నన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి.