ఒకే అవ్వ ఇద్దరై పుట్టిన వైనం

ఆ రోజుల్లో నా లెక్కలో మనుషులు రెండే రకాలు: రుజువు అడిగేవాళ్ళు, అడగనివాళ్ళు. మొదటి రకంలో ప్రస్తుతానికి నేనొక్కదాన్నే ఉన్నానని నా గట్టి నమ్మకం (దానికి రుజువేమిటని నన్నెవరూ అడగలేదు, అదృష్టం). కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ ముగించి, బొల్లారంలో ఒక మందుల కంపెనీ ల్యాబులో కొత్తగా చేరాను. తెల్లకోటు తొడుక్కుని మిషను ముందు నిలబడితే, సత్యం నా చేతిలోని గాజుసీసాలోనే ఉందనిపించేది. సాయంత్రం కోటు విప్పి కంపెనీ బస్సెక్కినా ఆ పొగరు మాత్రం ఒంటిమీదే ఉండేది.

నాకు సరైన జోడీ మా బాబాయి. కోస్తా నుంచి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఉద్యోగానికని వచ్చి, ఇక్కడే రిటైరై, బీరంగూడలో ఇల్లు కట్టుకున్నాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆయన పని వెల్డింగు తనిఖీ. అతుకులో వెంట్రుకవాసి పగులు కనిపించినా ఎంత పెద్ద సామానైనా వెనక్కి పంపేవాడట. అంతటి కళ్ళు రిటైరైన మర్నాడే మూతపడ్డాయి; చేతులు వెనక్కి కట్టుకుని, బుగ్గలు పూరించి నడిచే తనిఖీ నడక మాత్రం మిగిలింది. పునర్జన్మల మీద పడ్డాడు. పొద్దస్తమానం ఫోను వీడియోల్లో ఎవరో ఒకరు కిందటి జన్మ చెబుతుంటే టీ చల్లారబెట్టుకుని వినేవాడు. ఆ చెప్పేవాళ్ళలో ఒక్కరూ కిందటి జన్మలో వానాకాలం దోమలతో వేగిన మామూలు మనిషి కాదు. అందరూ జమీందార్లూ, కత్తిపోటుకు బలైనవాళ్ళూనూ.

"ఇంతమంది చెబుతున్నారే అమ్మాయ్, అందరూ అబద్ధాలే ఆడతారంటావా?" అనేవాడు.

"అబద్ధం ఆడక్కర్లేదు బాబాయ్, పొరపాటు పడితే చాలు."

"నీకు ప్రతిదీ సీసాలో పోసి చూపించాలి," అని విసుక్కునేవాడు. నా దృష్టిలో అది తిట్టు కాదు, బిరుదు.

ఒక ఆదివారం ఆయన పట్టరాని సంతోషంతో వచ్చి, లక్డారంలో ఒక మూడేళ్ళ పిల్ల తాను పక్కింటి ముసలమ్మనని చెబుతోందనీ, సైన్సు చదివిన సాక్షిగా నేను రావలసిందేననీ పట్టుబట్టాడు. పక్కింటివాళ్ళు భూములున్న రైతులు, అన్నదమ్ములిద్దరు. ఊళ్ళో పెద్ద పటేలు, చిన్న పటేలు అంటారు. వాళ్ళ తల్లిని ఇంటిల్లిపాదీ అవ్వ అనే పిలిచేవారు. ఆమె పోయిన మరుసటి ఏడు ఈ చిట్టి పుట్టింది. చిట్టి తల్లి సుల్తాన్‌పూర్‌లో సూదుల ప్యాకింగు కంపెనీలో షిఫ్టులు చేస్తుంది. ఆమె డ్యూటీకి పోతే పిల్ల పగలంతా ఆడుకునేది పటేళ్ళ వాకిట్లోనే, వినేదంతా చనిపోయిన అవ్వ ముచ్చట్లే. ఆ వాకిలి చూపించి "గది నా ఇల్లు" అన్నదట. ఊరు నివ్వెరపోయిందట. రోజంతా కాలు కదపకుండా కూర్చునే ల్యాబును నేను 'మా ల్యాబు' అంటే ఎవరూ నివ్వెరపోలేదే మరి!

వెళ్ళేసరికి చిట్టిని కొత్త గౌను తొడిగి కుర్చీలో కూర్చోబెట్టారు. చుట్టూ జనం. బాబాయి ఫోను తీసి రికార్డింగు మొదలుపెట్టాడు. విచారణ పెద్ద పటేలుది.

"అవ్వా, నీకు నల్ల బర్రె ఉండె గదా?"

పిల్ల తలూపింది. (నల్లది కాని బర్రెను నేనింతవరకు చూడలేదు.)

"పానం పోయేటప్పుడు నీకు గీడ నొచ్చింది గదా?" అంటూ ఆయన తన గుండె మీద చెయ్యి పెట్టుకున్నాడు. పిల్ల కూడా పెట్టుకుంది. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. చిన్న పటేలు కళ్ళు తుడుచుకుని, "ఇగ అనుమానమే లేదు, మా అవ్వనే!" అన్నాడు.

ల్యాబులో మేము అసలు మందును పరీక్షించే ముందు, మందు కలపని ఉత్త ద్రావణాన్ని మిషనులో పంపి చూస్తాం. అందులోనూ మందున్నట్టు చూపిస్తే మిషను చెడిందన్నమాట. ఆ తెలివంతా కూడగట్టుకుని నేను ముందుకు వంగి, "అవ్వా, నువ్వు రోజూ మా కంపెనీ బస్సు నడిపేదానివి కదా?" అన్నాను.

తలూపింది.

"ఆ బస్సుకి ఎన్ని కొమ్ములుండేవి?"

"రెండు," అంది చిట్టి, వేళ్ళు కూడా చూపించి.

నేను విజయగర్వంతో చుట్టూ చూశాను. జనం నావైపు చూడడం లేదు. వాళ్ళ ముఖాలు వెలిగిపోతున్నాయి. "ఎడ్లబండి!" అని బాబాయి కుర్చీలోంచి లేచాడు. "పసిది బండిని బస్సంటోంది! కొమ్ములు రెండు!" "అవు సార్, మా అవ్వ బండి కొట్టేది!" అని పెద్ద పటేలు ఆయన చేతులు పట్టుకున్నాడు. పరీక్ష పెట్టి నేనే వాళ్ళ రుజువుకు మరో రుజువు చేర్చినదాన్నయ్యాను.

అప్పుడు అందరూ ఎదురుచూస్తున్న ప్రశ్న వచ్చింది. అవ్వ మెడలో బంగారు గుండ్లపేరు ఉండేది. ఆమె పోయాక అది కనబడలేదు. కోడళ్ళిద్దరూ ఒకరినొకరు అనుమానించుకుంటూ పొయ్యిలు వేరు చేసుకున్నారు. "గుండ్లపేరు యాడున్నదే అవ్వా?" అని పెద్ద పటేలు అడిగాడు. చిన్న కోడలు బిస్కెట్ల పొట్లం పట్టుకుని ఎదురుగా నిలబడి ఉంది. పిల్ల చూపు పొట్లం మీద. వేలు చూపించి, "గామె కాడ," అంది.

వాకిట్లో కలకలం రేగింది. అంతదాకా కళ్ళు తుడుచుకుంటున్న చిన్న పటేలుకు క్షణంలో జ్ఞానోదయమైంది. "ఏందే, పసిపోరి మాట గూడ ఒక సాక్ష్యమేనా? ఇగురం లేదా మీకు?" అని గర్జించాడు. నేను పొద్దుటి నుంచి చెప్పబోయిన మాట అది. కాకపోతే నాకు ఎమ్మెస్సీ దాకా చదివితే గానీ రానిది, ఆయనకు పెళ్ళాం వైపు వేలు తిరిగేసరికి వచ్చేసింది.

వారం తిరక్కుండానే చిన్న పటేలు సొంతంగా ఇంకో అవ్వను కనిపెట్టాడు. భార్య తరఫు బంధువుల పిల్ల. ఆ అవ్వేమో, గుండ్లపేరు పెద్ద పటేలు కొట్టంలో ఉందని చెప్పిందట. కొట్టం తవ్వారు. తుప్పుపట్టిన గునపం ముక్క దొరికింది. "భూమిలో లోహం ఉందని చెప్పిందా లేదా!" అన్నాడు బాబాయి. ఒకప్పుడు ఆయన వెనక్కి పంపిన సామానంతా నా కళ్ళముందు మెదిలింది.

మళ్ళీ ఆదివారం పెద్దమనుషులు కూర్చుని అవ్వలిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టారు. అసలు అవ్వెవరో తేలాలి. రెండో అవ్వ మొదటి అవ్వ జడక్లిప్పు పీకింది. ఇద్దరవ్వలూ కాసేపు ఏడ్చి, తర్వాత మట్టిలో కూర్చుని ఇసుకతో అన్నం వండుకోసాగారు. "ఆత్మ అరటిపిలకల్లాగా చీలవచ్చు," అని బాబాయి సర్దిచెప్పబోయాడు. వెనకనుంచి ఎవరో, "అయితే గుండ్లపేరు గూడ రెండైనయా సార్?" అన్నారు. నేను పగలబడి నవ్వాను.

నవ్వుతుండగానే చిట్టి తల్లి వచ్చింది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కంపెనీ నీలం చొక్కాతోనే ఉంది. జనాన్ని తోసుకుంటూ వెళ్ళి పిల్లను చంకనేసుకుంది. ఆ పిల్ల నిద్రలో ఉలిక్కిపడి లేస్తోందనీ, 'యాడ దాచిందో చెప్పు' అని పెద్ద కోడలు గుడ్లురిమిన రోజు నుంచి ముద్ద మింగడం లేదనీ ఆమె చెబితేనే మాకు తెలిసింది. రికార్డింగులో అది లేదు మరి.

"నా బిడ్డ మీ అవ్వ గాదు పటేలా," అంది పెద్దాయనతో. గొంతు పెంచలేదు. "మీ అవ్వ సచ్చిపోయింది. ఏడ్సి ఊకోన్రి."

పెద్ద పటేలు తిరిగి అరుస్తాడనుకున్నాను. అరుగు మీద కూలబడి, తలపాగా విప్పి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "దవఖానల నేను చాయ్ తాగొద్దామని బయటికి పోయిన," అన్నాడు గుడ్డలోంచి. "గంతల్నే అవ్వ పోయింది. గుండ్లపేరు ఎవనికి గావాలె? నా మీద కోపమున్నదా అని అడుగుదామనుకున్న. అందరి ముంగట అడుగనీకి సిగ్గయింది." చిన్న పటేలు వచ్చి అన్న పక్కన కూర్చున్నాడు. బాబాయి ఫోను జేబులో పెట్టుకున్నాడు.

గుండ్లపేరు ఇప్పటికీ దొరకలేదు. బాబాయి నమ్మకానికి మాత్రం ఢోకా రాలేదు. పోయేదాకా వీడియోలు చూశాడు. నా వెటకారమూ తగ్గలేదు. ఇవాళైనా ఎవరైనా కిందటి జన్మ సంగతి ఎత్తితే, ఆ ప్రశ్న మొదట ఎవరడిగారు, జవాబు ఎవరికి కావాలి అని అడిగి ముచ్చటంతా చప్పగా చేసేస్తాను. పెళ్ళిళ్ళలో నా పక్కన కూర్చోవడానికి చుట్టాలు అందుకే జంకుతారు.

బాబాయి పోయిన రెండేళ్ళకు మా తమ్ముడికి కూతురు పుట్టింది. మొన్నామధ్య వాళ్ళింటికి వెళితే, ఆ పిల్ల చేతులు రెండూ వెనక్కి కట్టుకుని, బుగ్గలు పూరించి నడుస్తూ వచ్చి, గోడకున్న పగులు దగ్గర ఆగి తీక్షణంగా చూసింది. అచ్చం బాబాయే. పిల్లలందరూ చేతులు వెనక్కి కట్టుకుంటారు. పిల్లలందరూ గోడలు చూస్తారు. అది నాకు బాగా తెలుసు. వంటింట్లోంచి ఎవరూ రావడం లేదని చూసుకుని, మోకాళ్ళ మీద కూర్చుని, "ఏదీ బంగారం, ఇంకోసారి నడువు," అన్నాను.