పగటి చుక్క

నిన్న మా కోడలు పొన్నగంటి కూరకు తాలింపు వేస్తుంటే, ఆ వాసనకు నా చూపు దానంతటదే ఆకాశం వైపు పోయింది.

పంతొమ్మిది వందల యాభైల్లో, మద్రాసు చింతాద్రిపేటలో, మా అవ్వ ఆ కూర వండినప్పుడల్లా "ఇది తింటే కళ్లకు మంచిది, పట్టపగలే చుక్కలు అగపడతాయి" అనేది. ఆరేళ్లదాన్ని, నమ్మేశాను. వారం రోజులు మారు అడిగి మరీ తిని, ఒక మధ్యాహ్నం మిద్దెక్కాను. అవ్వ గోడ పట్టుకుంటూ వెనకాలే వచ్చి, నా కళ్లకు చెయ్యి అడ్డం పెట్టింది.

"సూర్యుడికేసి చూడగూడదే, కళ్లు చెడిపోతాయి. ఈ పక్కకు తిరిగి చూడు."

తిరిగాను. చాలా ఎత్తున తెల్లగా ఏదో మెరిసింది.

"అవ్వా, చుక్క! అదో, ఆడ!"

అవ్వ తలెత్తి చాలాసేపు చూసింది. "అవునే, ఎంత బాగుందో!" అంది.

అది ఎవరో ఎగరేసిన గాలిపటమని కాస్త పెద్దయ్యాక తెలిసింది. మిద్దెక్కిన ఆ రోజుకే అవ్వ రెండు కళ్లల్లోనూ శుక్లాలు ముదిరాయని, ఆ గాలిపటం కూడా ఆమెకు కనబడి ఉండదని ఇంకా చాలా ఏళ్లకు గానీ తెలియలేదు.

నిన్న కూర తింటూ తింటూ మనవరాలు కిటికీలోంచి దూరంగా ఏదో చూపించింది. నేను కళ్లజోడు కోసం తడుముకోలేదు.

"అవునే, ఎంత బాగుందో!" అన్నాను.