ఎంగిలి కాని చెయ్యి

మొన్న చిలకలూరిపేటలో పెళ్ళికని గుంటూరులో బస్సెక్కాను. బస్సు మిర్చి యార్డు దగ్గరికి వచ్చేసరికి ఘాటు ఒక్కసారిగా లోపలికి కొట్టింది. ముందు సీట్లో ఎవరో కొత్త మనిషి, ఒకటే తుమ్ములు. వెనక పెద్దావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని కిటికీలు వెయ్యమని కండక్టరు మీద కేకలేస్తోంది. నేను మాత్రం నా పక్క కిటికీ ఇంకాస్త తెరిచి, సిగ్గు లేకుండా తల బయట పెట్టాను. ఎండు మిరపకాయ, తడి గోనెసంచి, డీజిలు పొగ కలిసిన ఆ వాసనకి నాకు తుమ్ము రాదు, ఆకలేస్తుంది. నా చిన్నప్పుడు ఆ వాసనలో ఇంకొకటి కూడా కలిసి ఉండేది, ఇనప పెనం మీద ఉల్లిపాయలు వేగే వాసన. అది మా హోటల్ది. మొన్న అదొక్కటి రాలేదు.

యార్డు గేటుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, రేకుల కింద నాలుగు బల్లలు వేసిన హోటల్ మాది. దానికి పేరూ లేదు, బోర్డూ లేదు. లారీల వాళ్ళు రాత్రి హోటల్ అనేవారు, ఎందుకంటే ఆ వీధిలో తెల్లవార్లూ దీపం వెలిగేది అక్కడొక్కచోటే. పగలు అమ్మ చూసుకునేది, రాత్రి నాన్న. తలుపు కూడా లేదు. ఎప్పుడూ మూయని దానికి తలుపెందుకు దండగ అని నాన్న పెట్టించలేదు. వెనక ఉన్న ఒక్క గదిలో మా కాపురం. గదికీ హోటల్‌కీ మధ్య అమ్మ పాత చీర తెరలా వేలాడుతుండేది. ఆ తెర ఇవతల పడుకుని, పెనం మీద నీళ్ళు చిలకరించిన చప్పుడూ, గ్లాసుల చప్పుడూ, ఎవరో ఒకరు నవ్విన చప్పుడూ వింటూ నిద్రపోవడం నాకు అలవాటు. ఇప్పటికీ మరీ నిశ్శబ్దంగా ఉంటే నాకు నిద్ర పట్టదు, ఏదో తప్పు జరిగినట్టుంటుంది.

చలి తగ్గి ఎండ ముదిరే రోజుల్లో యార్డుకి కాయలు దిగేవి. టిక్కీలని పిలిచే మిరప బస్తాలు లారీల మీదా ట్రాక్టర్ల మీదా కొండల్లా వచ్చేవి. లోపలికి పోయే వంతు కోసం బళ్ళు బారులు తీరేవి. రైతులు బస్తాల మీదే పడుకుని, దోమలకో ఆకలికో లేచి మా దగ్గరికి వచ్చేవారు. కాయల్లో పెట్టిన చేతులు మండిపోతుంటాయి కదా, అందుకని అమ్మ ఒక వెడల్పాటి గిన్నెలో పుల్లమజ్జిగ పోసి బయట అరుగు మీద ఉంచేది. వచ్చినవాళ్ళు ముందు అందులో చేతులు ముంచి, కళ్ళు మూసుకుని కాసేపు అలాగే నిలబడి, తర్వాత నీళ్ళతో కడుక్కుని తినడానికి కూర్చునేవారు. నాకు ఏ మంటా లేకపోయినా నేనూ వాళ్ళ పక్కన నిలబడి చేతులు ముంచేదాన్ని, పెద్ద హమాలీలాగా నిట్టూర్చేదాన్ని కూడా.

కాయల రైతులే కాదు, ఊళ్ళో నిద్రలేని వాళ్ళందరికీ అదే చోటు. పెద్దాసుపత్రిలో మనిషిని చేర్చి, ఏం తినాలో కూడా తోచక వచ్చి కూర్చునేవాళ్ళు, సెకండ్ షో విడిచాక కథ గురించి కొట్లాడుకుంటూ వచ్చేవాళ్ళు, బండి తప్పిపోయిన ప్రయాణికులు, అందరూ ఆ నాలుగు బల్లల దగ్గరే సర్దుకునేవారు. రంజాన్ నెలలో తెల్లవారకముందే సహరీ భోజనానికి వచ్చే హమాలీల కోసం నాన్న ఆ వేళకి మళ్ళీ వేడి అన్నం వార్చేవాడు. ఉగాదికి ఎంత దూరం లారీ డ్రైవరైనా సరే, పచ్చడి నాలిక్కి తగిలించుకోకుండా టీ పోసేవాడు కాదు. ఎవరు లోపలికొచ్చినా ఏం కావాలని అడిగేవాడు కాదు ముందు, ఏ ఊరండి అని అడిగేవాడు. ఆసుపత్రి నుంచి వచ్చిన వాళ్ళు ఆ ఒక్క మాటకే ఊరి పేరుతో మొదలుపెట్టి మొత్తం చెప్పుకుని, అట్టు చల్లారాక తినేవారు.

అంతమందికి అన్నం పెట్టిన మా ఇంట్లో మేం ముగ్గురం కలిసి తిన్నది మాత్రం లేదు. నాన్న పొద్దున్నే పొయ్యి వెనక ఒక డబ్బా బోర్లించుకుని తినేవాడు, అమ్మ వడ్డించేది. అమ్మ తినేటప్పటికి నాన్న బల్లల దగ్గర ఉండేవాడు. నేను బడికి ముందో, బడి అయ్యాకో, అచ్చనగాయలు పక్కన పోసుకుని ఒక్కదాన్నే తినేదాన్ని. ఇందులో వింతేముందని చాలాకాలం అనుకున్నాను. ఒకసారి మా క్లాసు పిల్ల వాళ్ళింటికి వెళ్తే, వాళ్ళ అమ్మా నాన్నా పిల్లలూ చాప మీద గుండ్రంగా కూర్చుని, గిన్నెలు మధ్యలో పెట్టుకుని, ఒకళ్ళ కంచంలోకి ఒకళ్ళు చూసుకుంటూ తింటున్నారు. వాళ్ళమ్మ కూడా కూర్చుంది! ఇంటికొచ్చి అన్నం ముందు మూతి ముడుచుకుని కూర్చున్నాను. మనం కూడా అలా తిందామని అమ్మని అడిగాను.

"ముగ్గురం ఎంగిలి చేతులేసుకుని కూచుంటే వచ్చినోళ్ళకి ఎవరు పెడతారే?" అంది అమ్మ. "హోటలోళ్ళకి ఒక చెయ్యన్నా శుభ్రంగా ఉండొద్దూ?"

అదీ సంగతి. తింటున్న చేత్తో ఇంకొకరికి వడ్డించకూడదు. మధ్యలో లేచి చెయ్యి కడుక్కుని పెట్టొచ్చు కానీ, విస్తరి ముందు నుంచి లేస్తే ఆ అన్నం మళ్ళీ తినడం అమ్మకి ఇష్టం ఉండేది కాదు. కాబట్టి మా ఇంట్లో ఎప్పుడూ ఒక చెయ్యి ఎంగిలి కాకుండా మిగలాలి, ఆ చెయ్యి ఉన్న మనిషి ఆకలితో ఉండాలి. దీపావళికీ అంతే, నా పుట్టినరోజుకీ అంతే. రోజూ పడుకునే ముందు నేను దేవుడికి దణ్ణం పెట్టి, రేపు మా హోటల్‌కి ఎవరూ రాకూడదని కోరుకునేదాన్ని. ఈ మాట అమ్మకి తెలిస్తే వీపు విమానం మోత మోగేది.

దేవుడు విన్నాడో, బంగాళాఖాతం విందో, ఒక ఏడు పత్తి తీతల వేళ తుఫాను పట్టుకుంది. యార్డు మూశారు. కరెంటు పోయింది. రోడ్డు మీద మోకాటి లోతు నీళ్ళు, ఆ నీళ్ళలో ఎక్కడివో మిరపకాయలు ఎర్రగా కొట్టుకుపోతున్నాయి. పొద్దుపోయేదాకా ఒక్క మనిషి రాలేదు. నాన్న రేకుల కింద నిలబడి చాలాసేపు రోడ్డు చూసి, చూసి, లోపలికొచ్చి, ఇవాళ ఇక ఎవరూ రారులే, కూర్చోండి, అన్నాడు. నేను నమ్మలేదు. అమ్మ అప్పటికప్పుడు అప్పడాలు వేయించింది. లాంతరు మధ్యలో పెట్టి మూడు విస్తళ్ళు పరిచాం. పొగలు కక్కే అన్నం, ముద్దపప్పు, గోంగూర, పైన నెయ్యి. ముగ్గురం ఒకేసారి కలిపాం. నాన్న అన్నం ఎంత పెద్ద ముద్దలు చేసి తింటాడో, అమ్మ అప్పడాన్ని ఎంత సన్నగా నలుపుకుంటుందో నేను మొదటిసారి చూస్తున్నాను.

అప్పుడు నీళ్ళలో అడుగుల చప్పుడైంది. తల మీద గోనెసంచి కప్పుకుని మస్తాన్ వచ్చాడు. అద్దంకి వైపు మనిషి, లారీ డ్రైవరు, మా హోటల్‌కి పాత ఖాతాదారు, అమ్మని చెల్లెమ్మా అంటాడు. పత్తి లోడు లారీ నీళ్ళలో ఆగిపోతే అక్కణ్ణుంచి నడిచొచ్చాడట. పొద్దుటినుంచి ఏమీ తినలేదని చెప్పకుండానే తెలుస్తోంది. నాన్న చేతినిండా పప్పన్నం. విస్తరి పక్కకి జరిపి లేవబోయాడు. నాకు దుఃఖం ఆగలేదు. నాన్న పంచె గట్టిగా పట్టుకుని, నా ఎడమ చెయ్యి శుభ్రంగానే ఉంది, నేను దీంతో పెడతా అన్నాను. ఎడమ చేత్తో అన్నం వడ్డించడమా! ఇంకొకప్పుడైతే అమ్మ ఊరుకునేది కాదు. అప్పుడు మాత్రం నా మొహం చూసి తల దించుకుంది.

మస్తాన్ మా మూడు విస్తళ్ళకేసి చూశాడు. ఇన్నేళ్ళుగా వస్తున్నవాడు, మేం ఇలా కూర్చోవడం ఎప్పుడూ చూడనివాడు.

"లేవమాకన్నా," అన్నాడు. "నా చెయ్యి ఎంగిలి గాలేదుగా. నేను పెడతా."

నాన్న వద్దంటున్నా వినకుండా, చేతులు మోచేతుల దాకా కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, గరిటె తీసుకున్నాడు. ముందు మీరు తినండి అన్నయ్యా అని అమ్మ అంటుంటే, మధ్యలో లేస్తే పాప ఏడుస్తదిలే అని నవ్వేశాడు. తడిబట్టలతో, ఖాళీ కడుపుతో, వంగి వంగి మా ముగ్గురికీ వడ్డించాడు. అమ్మ దగ్గర ఇంకాస్త వేసుకో చెల్లెమ్మా అని ఆగాడు. జన్మంతా ఆ మాట తను అందరినీ అడిగిందే కానీ, ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. చాలు అనడానికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, మళ్ళీ తనే తీసేసింది. గోంగూరలో కారం ఎక్కువైందని నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. గోంగూరలో కారం ఏమీ ఎక్కువ కాలేదు, నేను తింటున్నాగా. మజ్జిగ దాకా ముగ్గురం తిని లేచాకే మస్తాన్ కూర్చున్నాడు. అమ్మ అతనికి పెట్టినంత నెయ్యి ఇంకెవరికీ పెట్టడం నేను చూడలేదు.

మేం ముగ్గురం కలిసి తిన్నది ఆ ఒక్కసారే. తర్వాత నీళ్ళు తీశాయి, యార్డు తెరిచారు, ఒక చెయ్యి మళ్ళీ పొడిగా ఉండిపోయింది.

నాన్న పోయి చాలా ఏళ్ళయింది. లారీలు బైపాస్ పట్టాయి. హోటల్ ఉన్నచోట ఇప్పుడు సెల్‌ఫోన్ల షాపు ఉంది, రాత్రి తొమ్మిదికల్లా షట్టరు దించేస్తారు. ఆసుపత్రిలో మనిషిని పెట్టుకున్నవాళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోయి కూర్చుంటున్నారో నాకు తెలియదు. మస్తాన్ ఉన్నాడో లేదో, అదీ తెలియదు. అర్ధరాత్రి ఆకలేస్తే ఫోనులో నొక్కితే చాలు, బిర్యానీ గుమ్మంలోకి వస్తుంది. తెచ్చిన అబ్బాయిది ఏ ఊరో అడిగేలోపే మెట్లు దిగి వెళ్ళిపోతాడు, పాపం అతని తొందర అతనిది.

అమ్మ మంగళగిరిలో నా దగ్గరే ఉంటుంది. నేను ఆఫీసు నుంచి రాగానే ఇద్దరం కలిసే కూర్చుంటాం, కలిసే అన్నం కలుపుకుంటాం. చిన్నప్పుడు నేను దేవుణ్ణి అడిగింది ఇదే, తింటున్నప్పుడు మా ఇంటికి ఎవరూ రాకూడదని. ఇప్పుడు ఎవరూ రారు. మధ్యలో ఒక్కసారి కూడా లేవాల్సిన పని లేకుండా, మేమిద్దరం మజ్జిగ దాకా తింటాం.