అయోడిన్ మైల

పరాయి దేశంలో, కనాటా అనే ఊళ్ళో కొత్తగా ఇల్లు కొనుక్కున్న ఆ రోజుల్లో నాకు భయపడటానికి పెద్ద కారణం అక్కర్లేదు. మంచు పడితే భయం, ఇంగ్లీషువాళ్ళ ఫోన్ మోగితే భయం. పదో తరగతి గట్టెక్కనిదాన్ని. డాక్టరమ్మ ఏం చెప్పినా తలూపేసి, ఇంటికొచ్చాక మా ఆయన చేత తెలుగులో చెప్పించుకునేదాన్ని. అలాంటి నాకు మెడలో థైరాయిడ్ గ్రంథి అదుపు తప్పింది. చేతులు వణికి పప్పుగిన్నె జారవిడిచాక, కిరణాలు వెదజల్లే రేడియో అయోడిన్ మాత్ర మింగాలన్నారు. మింగడం ఎంతసేపు, గుక్కెడు నీళ్ళ పని. చిక్కంతా తర్వాతే. కొన్నాళ్ళు వేరే గదిలో పడుకోవాలి, కంచం, గ్లాసు వేరు, బట్టలు విడిగా ఉతకాలి, చిన్నపిల్లల్ని దగ్గరికి తియ్యకూడదు. మా చిన్నికి అప్పటికింకా రెండేళ్ళు నిండలేదు. నన్ను విడిచి ఒక్క పూట పడుకున్న పిల్ల కాదు.

మా ఆయన ఈ నియమాలు చదువుతుంటే మా అత్తగారి మొహం మతాబాలా వెలిగింది. ఆవిడ మడి మనిషి. (పెరట్లో ఆరేసిన మడిచీర జనవరి చలికి తలుపుచెక్కలా బిగుసుకుపోతే, దాన్ని నిలువునా లోపలికి మోసుకొచ్చేది. మేమంతా చాటుగా నవ్వుకునేవాళ్ళం.) "చూశావుట్రా? నన్ను వెర్రిదాన్ని చేశారు. ఇక్కడి డాక్టర్లకి మైలంటే తెలుసు, మీకే తెలీదు!" అంది. ఆ పూటే నా పక్క బేస్‌మెంట్‌లోకి దిగిపోయింది. అన్నం కంచం మెట్టు మీద పెట్టి, వెనక్కి నడిచి, "అమ్మాయీ, తీసుకో" అని కేకేసేది. చిన్ని అటు పరిగెత్తితే అరచెయ్యి అడ్డం పెట్టి, "అమ్మ, దూరం!" అని ఆపేది.

మా మరిది అప్పట్లో మా ఇంట్లోనే ఉండి ఫిజిక్స్ చదువుతున్నాడు. "ఒరేయ్, ఇంతకీ దీని ఒంట్లోంచి వచ్చేదేమిటిరా?" అని అత్తగారు అడగ్గానే పకోడీల పళ్ళెంతో సహా మెట్ల మధ్యలో చతికిలబడ్డాడు. (అతని పాఠం గురించి మా ఇంట్లో ఒకరు అడగడం అదే మొదలు.)

"మూడు రకాలమ్మా. ఆల్ఫా ఉందే, అది బండది. కాయితం అడ్డం పెడితే ఆగిపోతుంది, చర్మం కూడా దాటలేదు. ఒంట్లోకి పోతే మాత్రం నానా బీభత్సం చేస్తుంది. బీటా ఇంకాస్త దూరం పోతుంది, దానికి అల్యూమినియం రేకు చాలు. గామా అట్లా కాదు. తలుపు దాటుతుంది, మనిషినీ దాటుతుంది."

"మీ మేనత్త గొంతులాగా అన్నమాట."

"వదిన మింగినదాంట్లో ఆల్ఫా లేదు. బీటా మెడలోనే ఉండి పని చేస్తుంది. బయటికొచ్చేది గామా. దాన్ని ఆపాలంటే సీసం కావాలి, లేకపోతే బాగా మందపాటి రాయి."

"రాయేగా? గ్రైండర్ ఉందిగా!"

అంత చిన్న రాయి చాలదని మరిది మొత్తుకున్నా వినకుండా, మా ఆయన చేత రుబ్బే గ్రైండర్ మోయించి మెట్ల కింద పెట్టించింది. నేను దాని వెనక కూర్చుని భోంచేస్తుంటే, తర్వాత వాయి నేనేనేమో అనిపించేది.

"సరే, ఎప్పటికి పోతుంది? పదకొండో రోజు తలస్నానం చేయిస్తే సరా?" అని అడిగింది అత్తగారు.

"ఇది స్నానంతో పోదమ్మా, తనంతట తనే తరగాలి. ఏ పరమాణువు ఎప్పుడు విరుగుతుందో ఎవరూ చెప్పలేరు. మొత్తం మీద ఎనిమిది రోజులకి సగమవుతుంది. ఇంకో ఎనిమిదికి ఆ మిగిలినదాంట్లో సగం. హాఫ్ లైఫ్ అంటారు."

"మరి పూర్తిగా?" అన్నాను కిందనుంచి.

"లెక్క ప్రకారం పూర్తిగా ఎప్పటికీ పోదు వదినా," అని, పాఠం బాగా కుదిరిందన్న తృప్తితో ఒక పకోడీ నోట్లో వేసుకున్నాడు.

పైన చిన్ని తలుపు బాదుతూ "అమ్మా" అని ఏడుస్తోంది. దాని పెళ్ళిలో కూడా నేను గ్రైండర్ వెనకనుంచే అక్షింతలు విసురుతున్నట్టు కళ్ళముందు కనబడింది. భోరుమన్నాను.

"ఏడిశావులే, నీ లెక్కా నువ్వూ!" అని అత్తగారు కొడుకును కసిరి, రెండు మెట్లు కిందికి దిగింది. "ఇలా చూడమ్మాయీ. పిల్లకి అన్నం కలిపితే, మెతుకులో వేడంతా పోయేదాకా కూర్చుంటావా? దాని నోటికి సరిపడా తగ్గగానే పెడతావు. ఇదీ అంతే. ఎన్నాళ్ళకి తగ్గుతుందో ఆస్పత్రివాళ్ళు చెప్పే పంపారుగా!"

మరిది నమలడం ఆపాడు. "కరెక్టే వదినా. పైగా నీళ్ళు బాగా తాగితే ఒంట్లోంచి బయటికి కూడా పోతుంది. ఆ మాట చెప్పడం మర్చిపోయా."

"ముందు అది చెప్పి ఏడవచ్చుగా!"

ఆస్పత్రివాళ్ళు చెప్పిన రోజు రానే వచ్చింది. (ఎందుకైనా మంచిదని అత్తగారు తలస్నానం చేయించనే చేయించింది.) మెట్ల కింద కూర్చుని చేతులు చాచాను. చిన్ని మూడు మెట్లు దిగి, ఆగిపోయి, అరచెయ్యి అడ్డంగా చూపించి, "అమ్మ, దూలం!" అంది. అచ్చం నాయనమ్మ గొంతు. అందరూ ఘొల్లుమన్నారు. నాకు నవ్వు రాలేదు. చాచిన చేతులు దించేశాను. "ఇంక పరవాలేదు, వెళ్ళు తల్లీ," అంది అత్తగారు.

పిల్ల ఆలోచించుకుంది. తర్వాత ఒక్కో మెట్టూ కూర్చుని జారుకుంటూ వచ్చి, నా ఒళ్ళోకి ఎక్కకుండా పక్కనే కూర్చుంది. మోకాలి మీద గీరుకుపోయిన చోటు చూపించి, ఎక్కడ పడిందో, ఎవరు ఎత్తుకోలేదో కాబోలు, తన భాషలో బోలెడు ఫిర్యాదు చెప్పుకొచ్చింది. ఒక్క ముక్క అర్థం కాలేదు. అంతటికీ ఊ కొట్టాను. ఆ రోజు ఆ మెట్టు మీద కూర్చున్న పిల్లతల్లిని తలచుకుంటే నాకిప్పటికీ జాలీ వేస్తుంది, నవ్వూ వస్తుంది. లెక్క సగం అర్థమై ఏడ్చింది, కూతురి మాట అసలు అర్థం కాకుండానే మురిసిపోయింది.