మాట కంటే ముందొచ్చే నవ్వు

ఫిల్మ్‌నగర్‌లో కథాచర్చ అంటే ఏసీ గదిలో నలుగురైదుగురు కూర్చుని, టిఫిన్లు తెప్పించుకుని, లేని మనుషులను ఏడిపించి నవ్వించే పని. అక్కడ మంజులత సహాయ రచయిత్రి. చర్చంతా ఫోన్లో రికార్డు చేసి, తర్వాత విని, పనికొచ్చే ముక్కలు టైపు చేసి దర్శకుడు అచ్యుతరామయ్యకు పంపాలి. బోరబండలో పుట్టి పెరిగిన పిల్ల. తెలంగాణ మాట కావలసి వచ్చినప్పుడల్లా ఆయన ఆమె వైపు తిరిగి, "మీ భాషలో చెప్పమ్మా" అనేవాడు. ఆమె చెప్పేది, గదంతా నవ్వేది. తను అంత బాగా నవ్విస్తున్నానని మురిసిపోయేది పిచ్చిది.

ఆ నవ్వే చివరికి ఆమె రాసిన సీనుకు ఎసరు పెట్టింది. ఆసుపత్రి వరండాలో ఒక ఆడమనిషికి డాక్టరు వచ్చి భర్త పోయాడని చెప్పే సీను అది. "జర మెల్లగ జెప్పు సారూ, ఆయన ఇంటడు" అంటుందామె. మంజులత తండ్రి ఓదెలు పోయినరోజు తల్లి దేవమ్మ అన్న మాటే అది. ఆ సంగతి గదిలో ఎవరికీ తెలియదు. మంజులత ఆ మాట పలకగానే అందరూ పగలబడి నవ్వారు. హాల్లో కూడా ఇలాగే నవ్వుతారు, దీన్ని కామెడీ చేసేద్దాం అన్నాడు అచ్యుతరామయ్య. తనకు ఏడిపించడం చేతకాదు కాబోలనుకుని ఆమె నోరు మూసుకుంది.

ఉద్యోగం చేస్తూనే ఆమె భాషాశాస్త్రం చదువుతోంది. మనుషుల సంభాషణను ఉన్నదున్నట్టు రాసి విశ్లేషించమని పద్మప్రియ మేడమ్ పని ఇచ్చింది. మంజులత తన సీను మీద నవ్విన ఆ రోజు చర్చనే తీసుకుంది. తన మాటల మీద చదువా అని అచ్యుతరామయ్య పొంగిపోయి ఒప్పుకున్నాడు. ఆఫీసు అలవాటుకొద్దీ ఆమె దగ్గులూ నవ్వులూ తీసేసి, శుభ్రంగా ముక్కలు ముక్కలుగా రాసుకెళ్లింది. మేడమ్ తిప్పి పంపింది. "ఇందులో మనుషులేరమ్మా? ఎవరు ఎవరి మాటకు అడ్డుపడ్డారు, ఎక్కడ ఆగారు, ఎక్కడ నవ్వారు, అవన్నీ రాయి. ఎవరి మనసులో ఏముందో ఊహించకు. ఏది ముందొచ్చింది, ఏది తర్వాతొచ్చింది, అది చూడు చాలు." ఒక్కచోట చూసి తీర్పు చెప్పొద్దని కూడా హెచ్చరించింది.

మంజులత మళ్లీ విని రాసింది. 'జర' అనే మాట దగ్గరే నవ్వు మొదలైంది. డాక్టరుతో చెప్పాల్సిన మాట ఇంకా ఆమె నోట్లోనే ఉంది. మిగతా చోట్ల చూసింది. ఛాయ్ చల్లగైతుందని తను గుర్తుచేసినా నవ్వే. అందులో నవ్వడానికేముంది? రాజమండ్రి నుంచి వచ్చిన తోటి రచయిత రఘునందన్ జోకు వేస్తే మాత్రం, జోకు అయ్యాకే నవ్వారు. ఇంతకాలం వాళ్లు నవ్వింది ఆమె రాసినదానికి కాదు, ఆమె నోరు తెరిచినందుకు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. అన్నిటికంటే కాలిపోయిందెక్కడంటే, తన తల్లి మాట మీద వాళ్లతో కలిసి తనూ నవ్విన చప్పుడు ఆ రికార్డులో వినిపించింది. అరికాలి మంట నెత్తికెక్కింది.

మర్నాడు చర్చలో ఆ సీను మరోసారి చదవాలని పట్టుబట్టింది. తను చదవనంది, రఘునందన్‌ను అతని మామూలు మాటలోనే చదవమంది. "కొంచెం మెల్లగా చెప్పండి డాక్టరుగారూ, ఆయన వింటారు" అని చదివాడతను. ఎవరూ నవ్వలేదు. అచ్యుతరామయ్య కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాగా పట్టావయ్యా రఘూ. కామెడీ వద్దు. ఆ యాస తీసేసి ఇలాగే ఉంచుదాం."

రాసిన మనిషి పేరు కూడా గుర్తుకు రాలేదు పెద్దమనిషికి. మంజులత లేచి నిలబడింది.

"ఆ మాట లేకుంటే సీను లేదు సార్. జర..."

మూల నుంచి ఎవరో కిసుక్కుమన్నారు. అచ్యుతరామయ్య పెదవులూ అలవాటుగా కదిలాయి. ఆమె మాట ఆపేసి, ఆ నవ్వు పూర్తిగా అయ్యేదాకా చూస్తూ నిలబడింది.

"మా నాయిన సచ్చినప్పుడు మా అమ్మ అన్న మాట సార్ ఇది. ఇంకా నవ్వేదుంటే నవ్వుండ్రి, నేను ఆగుత."

నిజంగానే ఆగింది. ఎవరూ నవ్వలేదు. అచ్యుతరామయ్య తల దించుకుని, ఆమె చెప్పిన మాటే రాయమని రఘునందన్‌తో అన్నాడు. మంజులత అతని చేతిలోంచి కాగితం లాక్కుని తనే రాసింది.