కుందుర్పి వానకోట్ల అంగడి

ఆ రోజుల్లో నిద్రపోతూ కూడా సంపాదించవచ్చని నేను గట్టిగా నమ్మేవాణ్ణి. (నిద్రపోవడం వరకు సాధన బాగానే చేశాను.) డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం లేదు, నులకమంచం మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని ఒక వీడియోల గురువు మాటలు పొద్దస్తమానం వినేవాణ్ణి. సముద్రం ఒడ్డున కుర్చీ వేసుకుని ఆయన చెప్పేది ఒకటే. ఒక చిన్న వెబ్‌సైటు పెట్టు, ఒకే రకం వస్తువులు వరసగా చూపించు, వాటి మంచిచెడ్డలు రాయి, నీ లింకు నొక్కి ఎవరు కొన్నా కంపెనీ నీకు కమీషన్ ఇస్తుంది, ఒకసారి కుదురుకుంటే బతికినంత కాలం వస్తూనే ఉంటుంది. "ఎవరూ ముట్టుకోని చిన్న చోటు చూసుకోండి, అక్కడ లోతుగా తవ్వండి" అనేవాడు. అనంతపురం వాణ్ణి పట్టుకుని లోతుగా తవ్వమని చెప్పకూడదని పాపం ఆయనకు తెలియదు. మా చేన్లో అప్పటికే తవ్వి, దుమ్ము తప్ప ఏమీ చూడక, రాళ్ళతో కప్పెట్టిన బోర్లు చాలానే ఉన్నాయి.

ఎవరూ ముట్టుకోని వస్తువేదని నేను శాస్త్రీయంగా వెతికాను. మా ఊళ్ళోనే కాదు, మా మండలకేంద్రం కుందుర్పిలో, అటు కళ్యాణదుర్గంలో కూడా ఏ అంగట్లోనూ వానకోటు కనబడలేదు. పోటీయే లేదు! ఎందుకు లేదని ఆలోచించే వయసు కాదది. వానకోట్ల సైటు పెట్టేశాను. మా నాయనకు రెండు సార్లు వివరించాను.

"అంటే సరుకు నీది గాదు, కొనేటోడు నీకు తెలీదు, మధ్యలో కమీషన్ తింటావు. బ్రోకరువా?"

"కాదు నాయనా, అఫిలియేటు."

"సరే, ఇంగిలీసు బ్రోకరు." ఆయన తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "శెనక్కాయ ఇత్తనం పడేదాకా చూస్తా. అప్పటికి నీ అంగట్లో రూపాయి కండ్లజూస్తే సరి. ల్యాకుంటే ధర్మవరం మామ అంగట్లో చీరలు మడతపెట్టేకి పోతావు."

మా మామ పట్టుచీరల వ్యాపారి. ఆయన దగ్గర పని చేయడమంటే రోజంతా చీరలు విప్పడం, ఎవరూ కొనకపోతే మళ్ళీ మడతపెట్టడం. నా స్వాతంత్ర్యం మొత్తం తొలకరి మీద ఆధారపడింది. ఆ ఏడు మా మండలంలో వాన రాకూడదని మొక్కుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే అయ్యుంటాను. వాన కేరళలో పడాలి, ముంబైలో పడాలి, కావాలంటే సముద్రంలో పడాలి, మా ఊరికి మాత్రం వీలైనంత ఆలస్యంగా రావాలి.

సైటులో రాయాలంటే సరుకును పరీక్షించాలి కదా. ఒక నీలం కోటు తెప్పించి, దండెం మీద ఆరేసి, బిందెడు నీళ్ళు ఎత్తుకున్నాను. మా అమ్మ ఆ బిందెను నా చేతుల్లోంచి పెరికేసుకుంది. "ట్యాంకరొచ్చి నాలుగు దినాలాయ. నీళ్ళు పారబోసి గుడ్డ తడుస్తాదా ల్యాదా అని చూస్తావా? నీ తెలివి తెల్లారినట్టే ఉండాది." దాంతో పరీక్ష రద్దయింది. లోపలికి వచ్చి, "ఎంత వాన పడినా ఒక్క చుక్క లోపలికి దిగదు" అని పూర్తి నమ్మకంతో రాశాను. నమ్మకానికి నీళ్ళు ఖర్చు కావు.

నెలలు గడిచాయి. సైటుకు వచ్చేవాళ్ళు వచ్చినట్టే వచ్చి పోయారు. (అందులో సగం నేనే, సైటు పనిచేస్తోందో లేదో చూసుకోవడానికి.) ఇది చూడలేకపోయిన మనిషి మా అవ్వ, నాయన తల్లి. ఊళ్ళో అవ్వ చెయ్యి మంచిదని పేరు. ఏ ఇంట్లో విత్తనం వేసినా మొదటి గుప్పెడు ఆమె చేతితో ఇప్పించుకుంటారు. పంట ఎండిపోతే తప్పు మేఘాలదే గాని అవ్వ చేతిది కాదు, అంత గౌరవం.

"బోణీ గాకుండా అంగడి పెట్టుకుని కూసున్నాడు బిడ్డ" అని అవ్వ వీధంతా చెప్పి వచ్చింది. మా వైపు ఎవరు కొత్తగా అంగడి పెట్టినా తలా ఒకటి కొని నిలబెట్టడం మర్యాద. మరునాడు పొద్దున్నే మా వాకిట్లో జనం. నేను ల్యాప్‌టాప్‌కు కుంకుమ బొట్టు పెడితే, అవ్వ కళ్ళు మూసుకుని, నేను చూపించిన చోట వేలితో గట్టిగా నొక్కింది. మొదటి కోటు అమ్ముడుపోయింది. తర్వాత టైలరు చిన్నమ్మ కొంగు ముడి విప్పి దుడ్లు నా చేతిలో పెట్టింది.

"రేటు రవంత తగ్గించప్పా."

"నా చేతుల్లో లేదు చిన్నమ్మా."

"నీ అంగడి రేటు నీ చేతుల్లో ల్యాకుంటే ఇంకెవురి చేతుల్లో ఉండాది? నా మొగం జూసి తగ్గించు."

"వానే ల్యాదు, కోటు ఏం జేసుకుంటావే?" అని లైన్‌మన్ చిన్నాయన నవ్వాడు. అని, ఆయనా ఒకటి తీసుకున్నాడు.

అందరివీ నా ల్యాప్‌టాప్ నుంచే, నా చిరునామాకే తెప్పించాను. పార్శిళ్ళు తెచ్చిన కొరియరాయన చెమట తుడుచుకుంటూ అడిగాడు, "ఏమన్నా, ఈ ఊరికేమన్నా తుపాను హెచ్చరికొచ్చినాదా?" నేను గంభీరంగా, "ముందుజాగ్రత్త" అన్నాను. నా పేరు కింద కమీషన్ కనబడుతోంది. ధర్మవరం మామను ఇక పెళ్ళిళ్ళలోనే చూస్తానని ధైర్యం వచ్చింది.

అంతలో కంపెనీ నుంచి మెయిల్. మీరు, మీ బంధువులు, మీ స్నేహితులు మీ లింకు ద్వారా కొనడం నిబంధనలకు విరుద్ధం, కాబట్టి మీ ఖాతా మూసివేశాం, కమీషన్ ఇవ్వం. చేరేముందు ఆ నిబంధనలకు అందరిలాగే నేనూ కళ్ళు మూసుకుని "ఒప్పుకుంటున్నాను" నొక్కినవాణ్ణే. వెంటనే పెద్ద ఉత్తరం రాశాను. అయ్యా, మా ఊళ్ళో వరస కలవని మనిషి ఉండడు, చిన్నమ్మ, మామ, అన్న అని పిలుచుకోకుండా మాకు ఉప్పు కూడా అప్పు పుట్టదు, బంధువు కానివాడు బ్యాంకు మేనేజరు ఒక్కడే, ఆయన్ను అడిగి చూశాను, కొనలేదు. "మీ అభిప్రాయం మాకు విలువైనది" అని జవాబు వచ్చింది. ఖాతా మాత్రం మూసే ఉంది.

నాయనకు చెప్పాను. "మనోళ్ళు కొంటే చెల్లదంట."

ఆయన వెలిగించబోతున్న బీడీని చెవి వెనక పెట్టుకున్నాడు. "మొదుట మనోళ్ళు కొనకుంటే ఇంకెవురు కొంటార్రా?" అన్నాడు. తిడతాడనుకుంటే, గొంతు తగ్గించి, "అవ్వకు మాత్రం చెప్పాకు. తన చెయ్యి పడి నీ అంగడి మూతబడిందని తెలిస్తే ఈ ఏడు ఎవురికీ ఇత్తనం ఇయ్యదు" అన్నాడు.

అప్పుడు తెలిసింది నాకు, నా కమీషన్ కంటే పెద్దది ఒకటి ఆ ఖాతాలో ఇరుక్కుందని. అవ్వ రోజూ అడిగేది, "ఎట్లుందిరా యాపారం?" "జోరుగా ఉండాదవ్వా" అనేవాణ్ణి. ఆమె తన కుడిచేతిని ఒకసారి చూసుకునేది.

సబ్సిడీ శెనక్కాయ విత్తనాలు ఇస్తున్నారంటే అందరం కుందుర్పికి పోయాం. ఎండలో పొడుగాటి వరుస. మా ఊరివాళ్ళు నీలం కోట్లు నేల మీద పరుచుకుని దర్జాగా కూర్చున్నారు. (ఆ వానకోట్లకు అదే మొదటి ఉపయోగం.) సాయంత్రం మూటలు ట్రాక్టర్ ట్రాలీకెత్తి తిరిగొస్తుంటే, సగం దారిలో ఆకాశం నల్లబడింది. ఎన్నాళ్ళ తర్వాతో, ఉరుము లేకుండానే వాన దబదబా కొట్టింది.

ఒక్కరూ కోటు తొడుక్కోలేదు. తొడుక్కోవాలన్న ఆలోచన కూడా ఎవరికీ వచ్చినట్టు లేదు. మా ఊళ్ళో వాన వస్తే తడవడానికి బయటికి వస్తారు, అది నా సైటులో ఎక్కడా రాయలేదు. అందరూ కోట్ల మడతలు విప్పి విత్తనాల మూటల మీద కప్పారు, చుట్టూ అంచులు దోపారు, ట్రాక్టర్ దిగి రోడ్డు మీద మొహాలు పైకెత్తి నిలబడ్డారు. లైన్‌మన్ చిన్నాయన చొక్కా కూడా విప్పేశాడు. అవ్వ అరచెయ్యి చాచి వాన పట్టుకుంది.

ఇంటికొచ్చి నాయన మూట విప్పి, లోపలికంటా చెయ్యి పెట్టి, గుప్పెడు గింజలు తీసి చూశాడు. "పొడిగానే ఉండాయి." నా వైపు తిరిగాడు. "మంచి సరుకేరా."

"సూస్తిరా, ఎవురి చెయ్యి పడిందో!" అంది అవ్వ. మరునాడు వీధి వీధంతా ఆమె చేతి విత్తనమే.

నేను ధర్మవరం బస్సెక్కాను. మాట మాటే. ఇప్పుడు పట్టుచీరను కళ్ళు మూసుకుని అంచుకు అంచు కలిపి మడతపెట్టగలను, "నా మొగం జూసి తగ్గించు" అనేవాళ్ళ మొహం చూడకుండా మాట్లాడగలను. బతికినంత కాలం వచ్చేది మాత్రం ఒకటి వచ్చింది. ఊళ్ళో నన్ను ఇప్పటికీ వానంగడోడు అంటారు. ఏడాదికోసారి జీతంలోంచి కట్టి ఆ సైటును బతికిస్తున్నాను. లింకులు నొక్కితే ఎక్కడికీ పోవు. వాన పడిన రోజు అవ్వ ఫోన్ చేస్తుంది, "ఈడ వాన పడతాండాది, నీ అంగడి జరుగుతాండాదా?" "జరుగుతాండాదవ్వా" అంటాను, ఒక చెవికి ఫోను, రెండు చేతుల్లో చీర. తర్వాత తీరిక చూసుకుని ఆ సైటు తెరుస్తాను. ఒక్క చుక్క లోపలికి దిగదని వానే చూడకుండా రాసిన కుర్రాడి వాక్యం అక్కడే ఉంది. దాని కింద నేను తర్వాత చేర్చిన వాక్యం ఒకటుంది: "మా నాయన చెయ్యి పెట్టి చూసినాడు."